ఆయన వంతు గోలీలు

నేను ఆశా కార్యకర్తని. నెలకోసారి ఆరోగ్య కేంద్రంలో జరిగే మీటింగులో ఎవరి పని ఎలా ఉందని డాక్టరుగారు అడిగితే, మిగతావాళ్లు రిజిస్టరు పేజీలు తిప్పుతూ నసిగేవాళ్లు. నేను మాత్రం సంచీలోంచి రబ్బరు బ్యాండు వేసిన ఖాళీ గోలీల షీట్ల కట్ట తీసి ఆయన బల్ల మీద పెట్టేదాన్ని. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? తోటివాళ్లు నాకు ‘షీట్ల మేస్త్రి’ అని పేరు పెట్టారు. వెక్కిరింపే అయినా లోలోపల నాకది బాగానే ఉండేది. ఇప్పుడు ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే తల తిప్పుకుంటాను.

నాకు అప్పగించిన ఇళ్లలో సగం గుట్ట మీది గూడెంలో ఉన్నాయి. మా ఊరిదాకా ఆటో వస్తుంది. అక్కడి నుంచి వాగు దాటి, టేకు చెట్ల మధ్య కాలిబాటన ఎక్కాలి. నా నడకకు గంటన్నర. నేను పుట్టి పెరిగింది కొత్తగూడెంలో, బొగ్గుగని కార్మికుల క్వార్టర్లలో. అక్కడ నల్లా తిప్పితే నీళ్లు, సైరన్ మోగితే డ్యూటీ. పెళ్లయి ఈ అడవి అంచుకు వచ్చాక మొదటి ఏడాది రోజూ ఏడ్చాను. ఇరవై ఏళ్లలో ఏడుపు పోయింది గాని, నాకు అన్నీ తెలుసన్న పట్నం పొగరు కొంచెం మిగిలింది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే జరిగినదానిలో దానికీ వాటా ఉంది.

గూడెంలో ముసలివాళ్ల చేత బీపీ గోలీ మింగించడం మామూలు పని కాదు. ఒంట్లో నొప్పి లేనప్పుడు మందెందుకు అంటారు. ఆ ప్రశ్నకు మా ట్రైనింగులో చెప్పిన జవాబు వాళ్లకు ఎక్కదు. ఇచ్చిన షీట్లు ఇంటి కప్పులో గడ్డి మధ్య దోపి ఉండటం నేను చాలాసార్లు చూశాను. అందుకే నెల గోలీలు ఒక్కసారే ఇవ్వడం మానేశాను. పది రోజులకు ఒక షీటు. పది రోజులయ్యాక ఖాళీ షీటు నా చేతిలో పెడితేనే కొత్తది. పెట్టకపోతే లేదు. చిన్నపిల్లల దగ్గర చేసినట్టే ముఖం ముడుచుకుని సంచీ సర్దుకునేదాన్ని. నేను అలిగితే పాపం నొచ్చుకునేవాళ్లు. రెండు మూడు నెలల్లో గూడెమంతా ఖాళీ షీట్లు చేతిలో పట్టుకుని నా కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది. అది నేనే కనిపెట్టిన పద్ధతి, నన్ను చూసి ఇంకో ఇద్దరు నేర్చుకున్నారు కూడా.

ఒక్క అవ్వ మాత్రం చాలాకాలం లొంగలేదు. గూడెం చివర వెదురు దడి ఉన్న ఇల్లు ఆమెది. కోయ భాష మాట్లాడుతుంది, నాతో మాత్రం తెలుగులో మాట్లాడేది, మాట మాటకూ మధ్య ఆగి. వయసెంతో ఆమెకూ తెలియదు. ఇంట్లో కోడలు ఉండేది, నాకంటే అయిదారేళ్లు చిన్న. ఆమె నన్ను అక్కా అంటుంది, నేను చెల్లె అంటాను. అవ్వ భర్త చాలా ఏళ్ల కిందట పక్షవాతం వచ్చి, రెండేళ్లు కాలీడ్చుకుంటూ తిరిగి, చివరికి పోయాడట. నేను ఆ గూడెం మొఖం చూడకముందు సంగతి అది.

అవ్వకు బీపీ ఎంత చూసినా నూట తొంభైకి తగ్గేది కాదు. నాకు భయం పట్టుకుంది. ఎన్ని చెప్పినా నవ్వి, వద్దు బిడ్డ, గట్టిగనే ఉన్న అనేది. మొండిఘటం. ఒక రోజు నాకు విసుగొచ్చింది. ఎండలో గుట్ట ఎక్కి వచ్చాను, మోకాళ్లు లాగుతున్నాయి, ఆమె చూస్తే మళ్లీ నవ్వుతోంది. అప్పుడు అన్నాను:

“అవ్వా, నీ ముసలాయనకు వచ్చింది గీ బీమారే. గప్పుడు గీ గోలీలు ఉంటే ఆయన మంచిగయ్యేటోడు. ఇయ్యాల నీ పక్కన కూసుండేటోడు.”

ఆమె నవ్వు ఆగిపోయింది. నా చేతిలోని షీటు వైపు చూసింది. తర్వాత రెండు చేతులూ చాపి తీసుకుంది. దెబ్బ సరిగ్గా తగిలిందని నాకు సంతోషం వేసింది. కిందికి దిగుతూ ఆ మాట మనసులో ఇంకో రెండు సార్లు అనుకున్నాను, వేరే ఇళ్లలో కూడా పనికొస్తుందని.

ఆ రోజు నుంచి అవ్వ ఒక్క షీటు కూడా తప్పలేదు. నేను దడి దాటకముందే ఖాళీది చేతిలో పట్టుకుని కూర్చునేది. పది గుంతలూ పగిలి, రేకు చక్కగా నొక్కి, మడత లేకుండా ఇచ్చేది. కాని బీపీ తగ్గలేదు. వేసుకుంటోందా అని డాక్టరుగారు అడిగారు. నేను షీట్లు చూపించాను. ఆయన ఇంకో రకం గోలీ కలిపారు, తెల్లదానికి తోడు చిన్న గులాబీ రంగుది. దాని షీట్లు కూడా ఖాళీ అయి వచ్చాయి. మళ్లీ అడిగారు, నిజంగా మింగుతోందా అమ్మా అని. నాకు రోషం వచ్చింది. నా లెక్క మీద ఇంతవరకు ఎవరూ అనుమానపడలేదని అన్నాను. నిజానికి వేసుకున్నావా అవ్వా అని నేను ఆమెను ఒక్కనాడూ అడగలేదు. షీటు అడిగేదాన్ని, తీసుకునేదాన్ని, కొత్తది ఇచ్చేదాన్ని.

వానలు మొదలైన వారంలో అవ్వ కూలబడిపోయింది. ఎడమ వైపు చెయ్యి, కాలు పడిపోయాయి, మూతి వంకరపోయింది. మంచం మీద పడుకోబెట్టి నలుగురు గుట్ట దించారు. వాగు పొంగుతోంది, అంబులెన్సు అవతల ఒడ్డున ఆగింది. మంచాన్ని తలల మీదికెత్తి దాటించారు. నేను ఆమె చెప్పులు పట్టుకుని నడుములోతు నీళ్లలో వెనకాల నడిచాను. ఆ చెప్పులు ఎందుకు పట్టుకున్నానో నాకే తెలియదు, ఆమె ఇక నడిచేది లేదని కళ్ల ముందే కనిపిస్తున్నా సరే.

భద్రాచలం దవాఖానాలో పది రోజులు ఉంది. ప్రాణం దక్కింది. మాట కొంచెం ముద్దగా వస్తోంది గాని అర్థమవుతోంది. పంపించేటప్పుడు అక్కడి డాక్టరమ్మ నన్నూ కోడలినీ పక్కకు పిలిచి తేటగా చెప్పింది. ఇంకోసారి వస్తే మనిషి దక్కదు, ఒక్కపూట కూడా గోలీ తప్పొద్దు.

గూడేనికి చేరాక కోడలి మీద విరుచుకుపడ్డాను. ఉప్పు ఎక్కువ పెట్టావా, కల్లు తాగనిచ్చావా, గోలీలు వేళకు ఇచ్చావా అని వరసగా అడిగాను. నా లోపల ఏదో అప్పటికే తప్పుగా ఉందని తోస్తోంది, అందుకే అంత గొంతు లేచింది.  ఆమె చేతులు కడుక్కుని, రా అక్కా అని లోపలికి తీసుకెళ్లింది.

వాళ్ల ఇళ్లలో లోపలి మూల ఒక చిన్న కుండ ఉంటుంది. పెద్దల కుండ. పోయినవాళ్లు ఆ ఇల్లు వదిలి వెళ్లరు, అందులోనే ఉంటారని వాళ్ల నమ్మకం. పరాయివాళ్లు దాన్ని ముట్టరాదు. కొత్త చిక్కుడుకాయ గాని, మామిడికాయ గాని, వడ్లు గాని, మొదట ఆ కుండ ముందు పెట్టిన తర్వాతే ఇంట్లోవాళ్లు నోట్లో వేసుకుంటారు. ఇదంతా నాకు కొత్త కాదు. వాళ్ల పండుగలకు వెళ్లి ఆకుదొప్పలో అన్నం తిన్నదాన్ని. పెద్దలకు పెట్టకముందు నేను చిక్కుడుకాయ తెంపబోతే పిల్లలు నా చెయ్యి పట్టుకుని ఆపారు కూడా.

ఆ కుండ ముందు నాలుగు మోదుగాకు దొప్పలు ఉన్నాయి. నిండా గోలీలు. తెల్లవి, గులాబీవి. వాన తేమకు ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుని, కింది వరస పిండైపోయింది. అంచుల మీద చీమలు తిరుగుతున్నాయి. ఎనిమిది నెలల మందు. నేను బల్ల మీద గర్వంగా పెట్టిన కట్టల్లో అవ్వ షీట్లలోంచి రాలిన ప్రతి గోలీ అక్కడుంది.

“ఎందుకు ఆపలేదు చెల్లె?” అన్నాను.

“నువ్వే చెప్పినవట గదా అక్కా, మామకు గీ గోలీలు కావాలని,” అంది ఆమె.

ఆమె ముఖంలో తప్పు చేసినట్టేమీ లేదు. నెమ్మదిగా వివరంగా చెప్పింది. ముసలాయన ఆ బీమారీతోనే పోయాడు కాబట్టి ఇంకా దానితోనే ఉంటాడు. గోలీ ఇప్పుడు దొరికింది. ముందు ఆయన బాగుపడాలి, తర్వాత అత్త వంతు. పెద్దాయనకు నయం కాకముందు తాను తింటే ఆయన ముందు ఏ మొఖం పెట్టుకోవాలని అత్త అన్నదట. ఆయనకు సరిపోయాక కలలోకి వచ్చి చాలంటాడు, అప్పుడు మొదలుపెడతానన్నదట. రోజూ పొద్దున ఒకటి తెల్లది, ఒకటి గులాబీది వొలిచి దొప్పలో వేసి, దణ్ణం పెట్టి, ఖాళీ షీటు నా కోసం దాచేది. నేను ఖాళీది చూస్తేనే కొత్తది ఇస్తాను కాబట్టి.

నేను ఆ మట్టినేల మీద కూర్చుండిపోయాను. సిగ్గు, భయం రెండూ ఒక్కసారే వచ్చాయి. ఆ ముసలాయనను నేను ఎన్నడూ చూడలేదు. ఫోటో కూడా లేదు. ఆమె గోలీ మింగాలని, నా పని తేలికవ్వాలని, ఆయన్ను ఆ ఇంట్లోకి నా నోటితో నేనే పిలిచాను. నేను పిలిచిన ఆయన వచ్చి ఎనిమిది నెలలుగా ఆమె వంతు తింటున్నాడు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. అవ్వ నోరు తెరవదు. బతిమాలాము, కోప్పడ్డాము, గంజిలో కలిపాము. నాలుకకు తగలగానే ఉమ్మేసింది. మూడో రోజుకు బీపీ మళ్లీ పైకి పోతోంది. ఇంకోసారి వస్తే దక్కదన్న మాట నా చెవుల్లో మోగుతూనే ఉంది. ఎందుకు తినవవ్వా అంటే, ముద్దగా ఒకే మాట అంటుంది, ఆయన ఇంకా రాలే.

నాలుగో రోజు పొద్దున వాగు దాటుతూ నిర్ణయించుకున్నాను. వెళ్లి మంచం పట్టె మీద కూర్చుని, ఆమె కుడిచెయ్యి పట్టుకుని చెప్పేశాను.

“అవ్వా, ముసలాయన నా కలలకు వచ్చిండు. గోలీలు చాలన్నడు. ఇగ నిన్ను తినమన్నడు.”

ఆమె కళ్లు నా ముఖం మీదికి తిరిగాయి. అవి అంత పెద్దగా తెరుచుకోవడం నేను ఎన్నడూ చూడలేదు.

“ఎట్లున్నడు?” అంది.

“మంచిగున్నడు.”

“కాలు?”

“మంచిగైంది. నడుస్తున్నడు.”

 ఆమె నోరు తెరిచింది. గోలీ వేసి నీళ్లు పోశాను. గొంతు కదిలింది. కోడలు తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. నేను చెప్పింది అబద్ధమని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు.

ఒక్కసారితో అయిపోతుందనుకున్నాను. పది రోజులకు కొత్త షీటుతో వెళ్తే, అవ్వ మొదట అడిగింది నా యోగక్షేమం కాదు, ఆయన మళ్లీ వచ్చాడా అని. రాలేదన్నాను. ఆ రోజు గోలీ మింగలేదు. సరిపోయిందో లేదో, మళ్లీ కాలు పడిపోయిందేమో అని గొణిగింది. దిగి వెళ్లబోయినదాన్ని తిరిగి వచ్చి, మరిచిపోయిన అవ్వా, మొన్న మాపటేళ నిద్దట్ల కనిపించిండు అన్నాను. మింగింది. ఆ కబురు మీదే మిగతా రోజులు కోడలి చేతి గోలీ కూడా మింగేది. అప్పటి నుంచి షీటుతో పాటు కబురు కూడా మోసుకెళ్లడం నా పనైంది. ఆయన భుజం మీద తువ్వాలుందన్నాను. చేతిలో గొడ్డలి ఉందన్నాను. తునికాకు కోసుకొస్తున్నాడన్నాను. ఏదన్నా తప్పు చెబితే పట్టుకుంటుందని భయంగా ఉండేది. ఆమె పట్టుకోలేదు. తువ్వాలు ఏ రంగుదని మాత్రం అడిగింది. ఎర్రగళ్లది అన్నాను. తల ఊపింది.

బీపీ దిగింది. నా రిజిస్టరులో అంకెలు మొదటిసారి నిజంగా బాగున్నాయి. డాక్టరుగారు మెచ్చుకున్నారు కూడా. నేను మాత్రం మునుపటి మనిషిని కాను. మీటింగుకు ఖాళీ షీట్లు పట్టుకెళ్లడం మానేశాను. ఏ ఇంట్లో ఎవరు గోలీ వేసుకుంటున్నా నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూసేదాన్ని. పాపం వాళ్లు విస్తుపోయేవాళ్లు. గుట్ట ఎక్కుతూ దారిలో తర్వాతి కబురు అల్లుకునేదాన్ని. ఆయన ఏం మాట్లాడాడు, ఎక్కడ నిలబడ్డాడు, ఏం తిన్నాడు. అలా అల్లుకుంటూ పోగా ఆ మనిషి నాకు కనిపించడం మొదలైంది. నల్లగా, బక్కగా, పళ్లు కొంచెం ముందుకు. ఎండాకాలం మొదట్లో టేకు ఆకులు రాలి బాటంతా కప్పేస్తాయి. వాటి మీద నేను నడుస్తుంటే నా వెనకాల ఒక అడుగు పడి, ఇంకో అడుగు ఈడ్చిన చప్పుడు వినిపించేది. ఆగితే ఆగేది. తొండ అయి ఉంటుంది. పట్టపగలు పది గంటలకు, ఏళ్ల తరబడి నడిచిన బాటలో, నేను వెనక్కి తిరిగి చూడటానికి భయపడ్డాను. నేను చెప్పిన ముసలాయన చక్కగా నడుస్తున్నాడు. వెనకాల వచ్చేవాడు కాలు ఈడుస్తున్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, అవ్వ అడిగిన ఒక మాట ఒక ఎత్తు. ఒకసారి కబురంతా విని, గోలీ మింగి, ముఖం గోడ వైపు తిప్పుకుని అడిగింది.

“నాకెందుకు రాడు బిడ్డ? నీకు వస్తడు. నాతోని ఏమన్న కోపమా?”

దానికి ఏ జవాబూ నేను అల్లుకుని రాలేదు. కోపం లేదవ్వా అని మాత్రం అనగలిగాను. ఆమె కంటి పక్క నుంచి నీళ్లు చెవి మీదికి జారాయి. ఎడమచెయ్యి పనిచేయదు, కుడిచెయ్యి ఒంటి కింద ఉండిపోయింది, తుడుచుకోలేకపోయింది. నా కొంగుతో తుడిచాను. ఆమెను బతికించడానికి ఆమె మొగుణ్ణి ఆమె దగ్గర నుంచి లాక్కున్నానని ఆ రోజు నాకు తెలిసింది. నిజం చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే గోలీ మానేస్తుంది. మానేస్తే పోతుంది. ఆ నిజాన్ని మింగేశాను.

ఈ ఏడు ఇప్పపూలు రాలే రోజుల్లో వెళ్లాను. గూడెంలో ఎవరూ లేరు, అందరూ పూలు ఏరడానికి పోయారు. ఇప్పపూల తీపి వాసన గుట్టంతా ఉంది. కోడలు అత్తను మంచంతో సహా చూరు కింద నీడకు లాగి, పక్కన నీళ్ల చెంబు పెట్టి పోయింది. నేను దారిలో అల్లుకున్న కబురు మనసులో సరిచూసుకుంటూ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. షీటు తీసి గోలీ వొలిచాను. నేను నోరు తెరవబోయేలోగా ఆమే మొదలుపెట్టింది.

“వచ్చిండు,” అంది.

“ఎవరవ్వా?”

“మా ముసలాయన. నా కలలకు.”

నా చేతిలో గోలీ అలాగే ఉంది. ఆమె ముఖం ప్రశాంతంగా ఉంది, వంకరపోయిన మూతిలో కూడా ఏదో వెలుగుంది. మెల్లగా, ఆగి ఆగి చెప్పింది.

“అడిగిన. గా పిల్ల దగ్గరికి ఎన్నిమాట్ల పోయినవ్, నా దగ్గరికి రానీకి నీకేమైందని. గా పిల్లెవరో నాకు ఎరుకనే లేదన్నడు.”

నేను తల ఎత్తలేకపోయాను. తప్పయింది అవ్వా అనాలి. ఇక ఈ గోలీ మింగదు, నా చేత్తో నేనే చంపుకున్నాను అనుకున్నాను.

ఆమె కుడిచెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. బలం లేని చెయ్యి. నా అరచేతిని తన నోటి దగ్గరికి లాక్కుంది. నోరు తెరిచింది. గోలీ నాలుక మీద పెట్టాను, చెంబు ఎత్తి నీళ్లు పోశాను. మింగింది. మామూలుగా చేసినట్టు నాలుక ఎత్తమని నేను అడగలేదు, ఆమే ఎత్తి చూపించింది.

“ఇగ ఆయన ముచ్చట చెప్పకు బిడ్డ,” అంది. “ఊకెనే రా.”

ఇప్పటికీ పది రోజులకోసారి వెళ్తున్నాను. కబుర్లు లేవు. గోలీ ఇస్తాను, ఆమె మింగుతుంది, కాసేపు పక్కన కూర్చుని వస్తాను. ఆ కలలో ఆయన చాలని కూడా అన్నాడేమో, అందుకే మింగుతోందా, లేక ఇంత దూరం ఎక్కి వచ్చి తల వంచుకుని కూర్చున్న నన్ను చూసి జాలిపడి మింగుతోందా, నాకు తెలియదు. అడిగే ధైర్యం ఇంకా రాలేదు.